దొరవారు నడుం వాల్చిన చోటు

నగర గ్రంథాలయంలో కునికిపాట్లు పడే పాఠకులను మర్యాదగా నిద్రలేపే ఉద్యోగికి, ఇరవై ఏడేళ్ల నిర్విరామ సేవకు గుర్తింపుగా నడుంనొప్పి లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పాఠకులు ఆయన్ని లేపుడు మాస్టారు అంటారు. పొద్దున్న ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆయన నిలబడే ఉంటారు. కూర్చున్నవాడికి మరొకరిని లేపే నైతిక హక్కు ఉండదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. డాక్టరు ఆయన వెన్ను నొక్కి చూసి ఒకే మందు రాశాడు: రోజూ మధ్యాహ్నం అరగంట వెల్లకిలా పడుకోవాలి.

ఇంత చిన్న మందు ఎక్కడ వేసుకోవాలన్నదే సమస్య అవుతుందని డాక్టరు ఊహించలేదు. ఆ ఇంట్లో మంచం రాత్రిది. పొద్దున్నే దుప్పటి బిగించి పరిచాక చీకటి పడేదాకా దాన్ని ఎండ తప్ప ఎవరూ ముట్టుకోరు. పగలు మంచమెక్కితే ఇంట్లో రోగి ఉన్నట్టు. నేల మీద పడుకుంటే ఆలుమగలు పోట్లాడుకున్నట్టు. సోఫా సంగతి చూస్తే, అది ఆయన మోకాళ్ల దగ్గరే అయిపోతుంది.

"పగలు పడుకోవడానికి పగటి సామాను వేరే ఉంటుందక్కా. దివాన్ అంటారు," అన్నాడు బావమరిది. ఫోన్‌లో బొమ్మలు చూసి గృహాలంకరణలో పండితుడైన మనిషి. "దాని మీద పడుకుంటే బద్ధకం అనరు, అభిరుచి అంటారు."

అభిరుచి అన్న మాట చెవిన పడగానే ఇల్లాలు చెప్పులు వేసుకుంది.

దుకాణంలో బద్ధకాన్ని మూడు తరగతులుగా అమర్చారు. మొదటిది యాంటిక్. నూరేళ్ల కిందట ఒక ప్రభువు నలభై ఏళ్ల పాటు ఏ పనీ చెయ్యకుండా దాని మీదే పడుకున్నారట. అంత ధర అందుకే. "భోజనానికి తప్ప లేవలేదమ్మా. ఊరికి వరదొచ్చినా లేవలేదు. అలాంటి మహానుభావులు ఇప్పుడేరీ?" అన్నాడు యజమాని. ఇల్లాలి కళ్లు చెమర్చాయి. మాస్టారికి మాత్రం చదువుల గదిలో తాను వేలికొసతో తట్టి లేపిన వేలమంది గుర్తొచ్చారు. నూరేళ్లు ఆగితే వెలలేనిదయ్యే సంపదను తన చేత్తోనే నాశనం చేశారన్నమాట.

రెండోది మోడర్న్. ఒకవైపు ఎత్తుగా, ఇంకోవైపు అసలు లేకుండా ఉంది. "ఇది పడుకోవడానికి కాదు బావా. పడుకోవడం అనే ఆలోచనని చూపిస్తుందంతే," అన్నాడు బావమరిది. మాస్టారు ఆ ఆలోచన మీద పడుకోబోయి రెండుసార్లు నేలకు జారారు.

మూడోది వింటేజ్. వయసు అరవై ఏళ్లు. గిరాకీ ఎక్కువగా ఉందనీ, కొత్తవి ఆరు నెలల్లో తయారవుతాయనీ యజమాని చెప్పాడు.

"అరవై ఏళ్లది తయారవడమేంటి?" అన్నారు మాస్టారు.

"నువ్వూరుకో బావా, పరువు తీస్తావు."

అక్కాతమ్ముళ్లు గలీబు రంగు మీద చర్చలో పడగా, మాస్టారు దుకాణం వెనక గదిలోకి నడిచారు. అక్కడ సగం తయారైన దివాన్ ఒకటి కనపడింది. ఒక్క నిమిషం అనుకుని వాలారు. నాలుగు నిమిషాల తర్వాత యజమాని వచ్చి లేపాడు. లేపడమే వృత్తిగా బతికిన మనిషిని మరొకరు లేపడం అదే మొదటిసారి. తిట్లకు సిద్ధపడి లేచారు. యజమాని ఆయన్ని చూడటం లేదు. పరుపులో పడిన గుంటను చూస్తున్నాడు.

"అయ్యా, కర్రని పాత చేసేవాళ్లున్నారు, ఇత్తడిని పాత చేసేవాళ్లున్నారు. పరుపుని పాత చేసేవాడే దొరకడు. ఎవర్ని పెట్టినా ఫోన్ చూస్తూ పొర్లుతారు, గుంట చెదిరిపోతుంది. మీ గుంటలో నిజాయితీ ఉంది."

అలా లేపుడు మాస్టారు పడుకునే ఉద్యోగంలో చేరారు. ఆరు నెలలు, రోజూ మధ్యాహ్నం రెండు గంటలు. వ్యాపార రహస్యం కనుక ఇంట్లో కూడా చెప్పకూడదు. గ్రంథాలయంలో మధ్యాహ్నం డ్యూటీ కూడా పడిందని ఇంట్లో చెప్పారు. ఆయన గౌరవం ఒక్కసారిగా పెరిగింది. "పాపం, ఆయనకి రెండు డ్యూటీలండీ. నడుం వాల్చే తీరికే లేదు," అని ఇల్లాలు పక్కింటావిడతో గర్వంగా చెప్పుకుంది.

మాస్టారి లోపల కూడా ఒక మార్పు జరిగింది. ఇన్నేళ్లూ కళ్లు మూసుకుంటే చాలు, నేరం చేస్తున్నట్టుండేది. ఇప్పుడు లేవడమే నేరం. కర్తవ్యం కనుక నిద్ర వచ్చింది. ఎలాంటి నిద్ర అంటే, నిద్రపోతున్నది తానేనన్న సంగతి కూడా మరిచిపోయేంత. నడుంనొప్పి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది.

ఆరు నెలలు గడిచాయి. గుంట పరిపక్వమైందని యజమాని ప్రకటించి, ఆయనకు దండం పెట్టి పంపేశాడు. మర్నాడు మాస్టారు గ్రంథాలయం నుంచి ఇంటికొచ్చేసరికి అదే దివాన్ హాల్లో ఉంది. చుట్టూ పట్టుతాడు, పైన చట్రంలో బిగించిన పత్రం: "ఒక దొరవారి అరవై ఏళ్ల మధ్యాహ్న విశ్రాంతి ముద్ర. అసలైనదని ధ్రువీకరించడమైనది."

"ఏమండీ, ఆగండాగండి! చెప్పకుండా తెప్పించాం. మీ నడుం కోసమే!" అంది ఇల్లాలు.

"అయితే పడుకోనీ మరి."

"అయ్యో, దాని మీదా? గుంట చెడిపోదూ!"

"ఎడమవైపు చూడు బావా, కాస్త లోతెక్కువ. ఎంత దర్జాగా ఒత్తిగిలేవాడో!" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి.

"దర్జా కాదురా. ఎడమకాలి మీద నిలబడీ నిలబడీ నా నడుం అటు వంగింది. ఆ గుంట నాది."

అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇల్లాలు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "రెండు డ్యూటీలు చేసే మనిషికి పడుకునే తీరికెక్కడిదండీ? దొరవారితో పోలికా మీకు!"

రుజువు చెయ్యడం సులభమే. తాడు దాటి పడుకుంటే చాలు, చెక్కిన అచ్చులో బొమ్మలా సరిపోతారు. మాస్టారు తాడు దాటారు. మోకాలు ఆనించబోయి గుంట వంక చూశారు. అంత హాయిగా, అంత నిర్భయంగా నిద్రపోయిన మనిషి తానేనని ఆయనకే నమ్మకం కుదరలేదు. తనకంటే చాలా గొప్పవాడెవరో అనిపించింది. మోకాలు వెనక్కి తీసుకుని, పరుపు అంచున పడిన ముడత సవరించి, ఇవతలికి వచ్చారు.

నడుంనొప్పి మర్నాడే తిరిగొచ్చింది. దివాన్‌ను ఆదివారాలు నాలుగు నుంచి ఆరు దాకా ఎవరైనా చూడవచ్చు. మీరూ రండి. చెప్పులు బయట వదలండి, మెల్లగా మాట్లాడండి. గోడవారగా నడుం పట్టుకుని నిలబడి ఉండే మనిషి గుంటకు అడ్డం వస్తే కాస్త జరగమనండి, వెంటనే జరుగుతారు. ఇంతవరకూ వచ్చిన పెద్దమనుషులందరూ అలాగే అన్నారు.