కొండకర్లకి ఇద్దరమే

ఆదివారం ఆరు గంటల బస్సుకి కొండకర్ల ఆవకి, అంటే అక్కడి పెద్ద చెరువుకి, వెళ్ళాలి, పక్షుల్ని చూడాలి, ఎండెక్కేలోగా ఇల్లు చేరాలి. తపాలా గుమాస్తా త్రినాధరావు అనుకున్నది ఇంతే. ఆ పక్షుల్ని చూడ్డానికి విశాఖపట్నం జనం కార్లేసుకుని వస్తున్నారని పేపర్లో చదివి అతను సిగ్గుపడ్డాడు. అనకాపల్లిలో ఉండి తాను భార్య గంగాభవానికి ఒక్క కొంగనైనా చూపించలేదు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఇద్దరూ జంటగా వెళ్ళింది ఫొటో స్టూడియోకి, అదీ రేషన్ కార్డు కోసం. ఆ ఫొటోలోనూ మధ్యలో అమ్మ కూర్చుంది.

నిరుడంతా తుంటి విరిగి మంచాన పడ్డ ఆ అమ్మకి, కాసులమ్మకి, భవాని విసుక్కోకుండా సేవ చేసింది. అది త్రినాధరావు మరిచిపోలేదు. అందుకే ఈ ఒక్క పొద్దు ఆమెకి ఇవ్వాలనుకున్నాడు. ఇద్దరే, ఏ గోలా లేకుండా.

గేటు తీస్తుండగా పక్కింటి పైడిరాజు పళ్ళు తోముకుంటూ పలకరించాడు.

"ఏటి బావా, జంటగా ఎక్కడికి?"

అరుగు మీంచి కాసులమ్మ గుండె బాదుకుంది. "బయల్దేరినోళ్ళని ఎక్కడికని అడిగేసేడ్రా! లోపలికొచ్చేయండి. కాసేపు కూకుని, మంచినీళ్ళు తాగి మరీ ఎళ్ళండి."

ఇద్దరూ లోపలికొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగారు. పైడిరాజు పాపం కుంచించుకుపోయాడు. కాసులమ్మ అతనికో దారి చూపించింది. "అడిగినోడే తోడెల్తే దోసం ఉండదంటారు." ఎవరంటారో ఎవరికీ తెలియదు. అయినా పైడిరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చేశాడు.

ఆదివారం పూట మొగుడు ఇస్త్రీ చొక్కా వేసేసరికి అతని భార్య బుల్లమ్మకి అనుమానం వచ్చింది. "ఎక్కడికి తయారయ్యేవు?" అంది. అంతే, మళ్ళీ అందరూ లోపలికి, మళ్ళీ నీళ్ళు.

"పొద్దున్నే కొత్త బట్టలు కట్టేరంటే ఇది మొక్కే. నా దగ్గర దాత్తన్నారు" అని తేల్చేసింది బుల్లమ్మ. మొక్కుకి వట్టి చేతులతో ఎలా వెళ్ళడమని అరగంటలో పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. ఆ ఘుమఘుమలకి వీధి కుళాయి దగ్గరున్న నలుగురు ఆడవాళ్ళూ తిరిగి చూసి, ఒక్కసారే "ఎక్కడికే?" అన్నారు. ఒక్కసారే అడిగారు కాబట్టి ఒక్కసారి నీళ్ళు తాగితే చాలా, నాలుగుసార్లు తాగాలా అని కాసేపు చర్చ జరిగింది. కాసులమ్మ నాలుగుసార్లని తీర్పు చెప్పింది.

అప్పటికి రెండు బస్సులు వెళ్ళిపోయాయి. త్రినాధరావు నడుస్తుంటే కడుపులో నీళ్ళు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంతలో బెల్లం దిమ్మలు మోసే వ్యాను ఆపి డ్రైవరు అయ్యప్ప తల బయటపెట్టాడు.

"ఏటి మావా, ఈదంతా ఎక్కడికి బయల్దేరింది?"

అడిగిన పాపానికి అతన్ని వ్యానుతో సహా కలిపేసుకున్నారు. కాసులమ్మ కర్ర పట్టుకుని లేచింది. "నన్నొక్కదాన్నీ ఇంటికి కాపలా ఎట్టేత్తారేటి?"

పిల్లలతో కలిపి లెక్క పధ్నాలుగుకి తేలింది. వ్యానులో ఓ మూలకి ఒదిగి త్రినాధరావు భార్య చెవిలో గొణిగాడు. "ఇద్దరమే అనుకున్నాను భవానీ."

"పోన్లెండి. తీసికెల్తన్నారు, అదే సాలు" అంది భవాని. ఆ మాటకి అతనికి ఇంకా బాధేసింది.

ఆవ ఒడ్డున పధ్నాలుగు మందీ దిగేసరికి, దగ్గర్లో ఉన్న పక్షులన్నీ లేచి నీళ్ళ మధ్యకి ఎగిరిపోయాయి. తొలిచిన తాటిమొద్దులు రెండేసి జతచేసి కట్టిన దోనెలున్నాయి. దోనెకి ఇద్దరు చొప్పున ఎక్కవచ్చు. త్రినాధరావు ఆశగా భార్య చెయ్యి పట్టుకుని ముందుకెళ్ళాడు.

"ఆగరా!" అంది కాసులమ్మ, అప్పటికే మొదటి దోనెలో కూర్చుని. "పులిహోర కుక్కల పాలవుద్ది. మనందరం వొచ్చింది మీ పేరు మీదే. మీరే కాపలా ఉండాల."

ఆరు దోనెలు కదిలిపోయాయి. త్రినాధరావు గిన్నె పక్కన కూలబడ్డాడు. ఇరవై రెండేళ్ళకి ఒక్క పొద్దు, అదీ పులిహోర కాపలాకి పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నీళ్ళ మధ్యకి చేరాక బుల్లమ్మ దోనె కాస్త ఊగింది. ఆమె వేసిన కేకకి మిగతా అయిదు దోనెలూ వంత పాడాయి. అక్కడ తలదాచుకున్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆవలో అప్పుడు మనుషుల అలికిడి లేని చోటు ఒక్కటే మిగిలింది, ఈ ఒడ్డు. కొంగలు, నీటికాకులు, ఎర్రముక్కు ఊదారంగు నీటికోళ్ళు వచ్చి పది అడుగుల దూరంలో తుంగలో వాలాయి. ఓ తల్లికోడి పిల్లల్ని వెంటేసుకుని వాళ్ళ ముందు నుంచే నడిచిపోయింది.

భవాని ఊపిరి బిగపట్టి భర్త చేతిమీద చెయ్యి వేసింది. "దీన్నేటంటారండీ?" అంది గుసగుసగా.

"నాకూ తెలీదు" అన్నాడు త్రినాధరావు. తెలియకపోవడం అంత హాయిగా ఉంటుందని అతనికి ఆ రోజే తెలిసింది.

దోనెలు తిరిగొచ్చేసరికి గంటన్నర పట్టింది. అక్కడ ఒక్క పక్షీ కనబడలేదని అందరూ నిట్టూరుస్తుండగా, బుల్లమ్మ గిన్నె మూత తీసి సగానికి దిగిపోయిన పులిహోరని తేరిపార చూసింది.

కొండకర్ల కొంగలు పులిహోర తింటాయన్న సంగతి ఆ విధంగా త్రినాధరావు నోట లోకానికి వెల్లడైంది.