మంత్రిగారి సుత్తి, కన్వీనర్‌గారి మూల

"కువైట్‌లో ఇకమీదట తెలుగు డ్రైవరెవ్వడూ కారులో ఇరుక్కుని ప్రాణం పోగొట్టుకోడు. ఇది మంత్రిగారి గ్యారంటీ!"

పార్టీ ప్రవాస విభాగం కన్వీనర్ రామసుబ్బయ్య మైకులో ఈ చారిత్రక ప్రకటన చేయగానే అల్ రాయ్‌లోని వర్క్‌షాపు ఆవరణ చప్పట్లతో మారుమోగింది. మంత్రి కేశవులుగారు డ్రైవర్లందరికీ ఒక సాధనం పంచడానికి విమానమెక్కి మరీ వచ్చారు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి, దాని పిడిలోనే సీటు బెల్టు కోసే బ్లేడు.

సల్వాలో ఇంటి డ్రైవరుగా చేసే ఈశ్వరయ్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. పోయిన నెల జహ్రా రోడ్డులో అతని బావమరిది మద్దిలేటి కారు బోల్తాపడితే, బెల్టు ఊడక పాపం తలకిందులుగా వేలాడాడు. బతికి బయటపడ్డాడు గానీ, అప్పట్నుంచి స్టీరింగు పట్టుకోవాలంటేనే ఈశ్వరయ్యకు భయం. ఆ సుత్తి ఒక్కటి దక్కితే చాలని శుక్రవారం సెలవు వదులుకుని వచ్చాడు.

పంపిణీకి ముందు డెమో. అందుకు నిజంగా యాక్సిడెంటైన కారునే తెప్పించడం రామసుబ్బయ్య దూరదృష్టి. అది బోసిగా ఉందని తలుపుల అద్దాలన్నింటికీ స్టిక్కర్లు వేయించాడు. మధ్యలో మంత్రిగారి నవ్వుముఖం, నాలుగు మూలలా రామసుబ్బయ్యతో సహా నలుగురు స్థానిక నాయకుల తలకాయలు. ఎవరి తల ఏ మూలన ఉండాలో తేల్చేసరికి రెండుసార్లు కుర్చీలు లేచాయట.

మంత్రిగారు వెనక సీట్లో కూర్చున్నారు. ముందు సీట్లోకి ఒక డ్రైవరు కావాలనగానే ఈశ్వరయ్య ఎగిరి దూకాడు. అతను బెల్టు పెట్టుకున్నాడు. మంత్రిగారికి ఆ అలవాటు లేదు. సొట్టలు పడ్డ తలుపుల్ని కార్యకర్తలు భుజాలతో నెట్టి మూశారు. అవి మళ్లీ తెరుచుకునే రకం కాదు.

మంత్రిగారు సుత్తి ఎత్తారు.

"అన్నా, ఆగండి! మీ ముఖాన్ని మీరే కొట్టుకుంటారా? ఎలక్షన్ల ముందర అపశకునం!" అని బయటినుంచి ఎవరో కేక వేశారు.

మంత్రిగారు సుత్తి దించారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. కారులో ఏసీ లేదు.

"మధ్యలో కాదన్నా, అద్దం మూలన కొట్టాల! అట్లయితేనే పగుల్తాది!" అని రామసుబ్బయ్య ఉత్సాహంగా అరిచాడు. మూలన ఎవరున్నారో మరుక్షణమే గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

"పై మూల నాది, కొట్టాకండి!"

"నా తలకాయ పగిలితే మా మండలం ఊరుకోదు!"

నలుగురు నాయకులూ కారు చుట్టూ మూగి ఎవరి మూలకు వాళ్లు చెయ్యి అడ్డం పెట్టారు.

"సార్, ఊపిరి ఆడ్డంల్యా. ఎవురిదో ఒగరిది కొట్టండి సామీ" అని ఈశ్వరయ్య బతిమాలాడు.

మంత్రిగారు చెమట తుడుచుకుని, అనుభవమున్న నాయకుడిలా ఆలోచించారు.

"మీ నలుగురిలో ఈసారి టికెట్ అడిగిందెవరు?"

మూడు వేళ్లు ఒకేసారి ఒకవైపు తిరిగాయి.

"రామసుబ్బయ్య!" అన్నారు ముగ్గురు, ఒకే గొంతుతో. "మీ మోచేతి పక్కనుండే కింది మూలే అన్నా!"

ఒక్కటే దెబ్బ. అద్దం పొడిపొడి అయింది. కార్యకర్తలు మంత్రిగారిని కిటికీలోంచి లాగి భుజాలకెత్తుకున్నారు. అందరికంటే పెద్దగా జై కొట్టింది రామసుబ్బయ్యే. పథకం విజయవంతమైందని ప్రకటించి, సుత్తి చేతిలో ఊపుకుంటూ మంత్రిగారు భోజనాల టెంటు వైపు సాగిపోయారు. వెనకే జనం.

ఈశ్వరయ్య బెల్టు మీట నొక్కాడు. ఊడలేదు. రెండు చేతులతో నొక్కాడు. అయినా ఊడలేదు.

"రామసుబ్బన్నా! నా బెల్టు ఇరుక్కున్యాదన్నా! ఆ సుత్తి ఒకటి ఇట్లియ్యండి!"

రామసుబ్బయ్య ఆగి, వెనక్కి తిరిగి, ప్రజాసేవకుడికి తగిన ఓర్పుతో సమాధానం చెప్పాడు.

"పంపిణీ భోజనాలైనాక ఈశ్వరయ్యా. నీకొకడికి ముందే ఇస్తే బాగుండదు. వచ్చి అందరితోపాటు లైన్లో నిలబడుకో."