ఆకలి చేతికే ఊడే కాయలు

లైట్‌హౌస్ కాలనీ సేవాతోటలో కాయలు కడుపు నిండినవాళ్ళ చేతికి ఊడవు. లాగినా, కత్తి పెట్టి కోసినా తొడిమ చెక్కుచెదరదు. ఇంట్లో పొయ్యి సరిగా వెలగని మనిషి వట్టి చేత్తో తాకితే మాత్రం కాయ తనంతట తానే చేతిలోకి వచ్చేస్తుంది. కాకినాడలో ఇది అందరూ ఎరిగిన సంగతే కనుక దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు, కాలనీవాళ్ళు తప్ప. వాళ్ళు ఇది తప్ప మరొకటి మాట్లాడరు.

తోట కమ్యూనిటీ హాలు వెనక ఖాళీ స్థలంలో ఉంది. కాలనీ ఆడవాళ్ళూ, రిటైరైన మగవాళ్ళూ జీతం బత్తెం లేకుండా మడులు కట్టి, ఎరువు వేసి, నీళ్ళు పోసి పెంచుతున్నారు. హాలు పక్కగదిలో లేనివాళ్ళకి బియ్యం, పప్పు ఉచితంగా ఇస్తారు. కూరలు మాత్రం ఆదివారం పొద్దున ఎవరికి వాళ్ళే వచ్చి తెంపుకోవాలి. పెంచినవాళ్ళ చేతికి ఊడవు మరి.

మొదట్లో ఒక అధికారి వచ్చి, వంకాయతో చాలాసేపు కుస్తీ పట్టి, ఓడిపోయి, రిపోర్టు రాసుకెళ్ళాడు. "లబ్ధిదారుని అర్హత నిర్ణయించు అధికారము కాయకు కలదు. చేయి వట్టి చేయి అయి ఉండవలెను" అని అందులో ఉంది. ఆ తరవాత ఆదాయ ధ్రువీకరణ పత్రాలు అడగడం మానేశారు. తెల్లకార్డు పట్టుకుని కారులో దిగిన ఒక పెద్దమనిషి బీరకాయ పట్టుకుని ఎండలో నిలబడి నిలబడి వెళ్ళిపోయాడు. "మా బీరకాయ లంచం తినదండీ," అని తోట అధ్యక్షులు కామరాజు గారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆయన ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. లంచం తిననిదాన్ని చూస్తే ఆయనకి ముచ్చటగా ఉండేది.

రానురాను ఊడకపోవడం కూడా ఒక గౌరవమైపోయింది. అప్పు ఇవ్వబోయే బ్యాంకువాళ్ళు ఆసామిని తోటకి తీసుకొచ్చి బెండకాయ లాగించేవారు. వియ్యంకులు కాబోయేవాళ్ళు మిరపమొక్కల దగ్గర కలుసుకునేవారు. "మా చేతికి పచ్చిమిరపకాయైనా ఊడలేదు" అనగలిగితే కాలనీలో ఆ ఇంటి హోదాయే వేరు.

ఇక ఇందుమతి గారి సంగతి. సొరపందిరి వెయ్యడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఆ పందిరి కింద నిలబడితే ఎవరికైనా ఛాతీ ఉప్పొంగుతుంది, అందులో అబద్ధం లేదు. ఆవిడ భర్త సూర్యం మేష్టారు పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీ వేసవిలో మూతపడింది. ఈ మాట దంపతులిద్దరూ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ గంజి పెట్టిన చీర కట్టుకుని, భోజనాలయ్యాయా అని ఎవరైనా అడిగితే అయ్యాయని చెప్పి, రోజూ తోటకి వచ్చేది. కాయల్ని మాత్రం ముట్టుకోవడం మానేసింది. కర్రతో, పురికొసతో పని కానిచ్చేది.

ఒక ఆదివారం అందరూ ఉండగా పందిరి వాసం జారింది. లేత సొరకాయ ఒకటి నేలకి కొట్టుకోబోయింది. మంచం మీంచి పిల్ల పడిపోతుంటే ఎవరైనా ఆగి ఆలోచిస్తారా? ఇందుమతి చెయ్యి అడ్డం పెట్టింది. కాయ ఊడి అరచేతిలో కూర్చుంది.

అందరూ పనులాపి ఆ కాయకేసి చూశారు.

"తొడిమ కుళ్ళిపోయినట్టుందండీ," అంది ఇందుమతి.

కామరాజు గారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. తొడిమ పచ్చగా, రసం ఊరుతూ ఉంది. ఆయన మంచివారు కనుక, "అవునమ్మా, కుళ్ళిందే," అన్నారు.

ఇందుమతి వెనక్కి తగ్గబోతే మోచేయి తగిలి చిక్కుడు గుత్తి రాలింది. తూలిపడకుండా పట్టుకున్న కాకరపాదు తన కాయలన్నీ ఒక్కసారిగా ఇచ్చేసింది. ఇంటిగుట్టు లంకకి చేటంటారు. లంకకి విభీషణుడైనా కావలసి వచ్చాడు, ఇక్కడ కాకరపాదు సరిపోయింది.

ఇళ్ళలో పాచిపని చేసే రత్తాలు బుట్టతో దగ్గరికొచ్చింది. "తీస్కోండమ్మగారూ. మొదట్సారి ఊడినప్పుడు నాక్కూడా ఇలాగే సిగ్గేసింది. తర్వాతర్వాత అలవాటైపోద్దండి."

"నాకెందుకే? ఫ్రిజ్జు నిండా కూరలే మా ఇంట్లో. నువ్వు పట్టికెళ్ళు."

కాయలన్నీ రత్తాలు బుట్టలో వేసి, ఇందుమతి ఉత్తచేతులతో ఇంటికి వెళ్ళింది. తల మాత్రం దించలేదు.

ఆ సాయంత్రం కమిటీ సమావేశమైంది. ఇందుమతి పేరు ఎవరూ ఎత్తలేదు. ఎవరి అరచేతులు వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి కామరాజు గారు గొంతు సవరించుకుని, "పరిశుభ్రత దృష్ట్యా ఇకమీదట తోటలో అందరం గ్లౌజులు వేసుకుంటే బాగుంటుందని నా మనవి," అన్నారు. తోట పుట్టాక ఏ తీర్మానమూ అంత తొందరగా నెగ్గలేదు. మోచేతుల దాకా వచ్చేవి కావాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. మర్నాడు కామరాజు గారు ఒకదానిమీద ఒకటి రెండు జతలు వేసుకొచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

తరవాతి ఆదివారానికి రత్తాలు కూడా గ్లౌజులు కొనుక్కుంది. "అమ్మగార్లందరూ ఏసుకున్నాక నేనొక్కద్దాన్నే వట్టి చేతుల్తో ఏం బాగుంటాదండీ?" అంది. కూరలకోసం ఆవిడ వెనక వరసలో నిలబడ్డవాళ్ళకీ అదే తోచింది. ఒక్క కాయ కూడా ఊడలేదు. ఆ పై ఆదివారమూ ఊడలేదు. పందిళ్ళు బరువుకి కిర్రుమంటున్నాయి. తోట అంత నిండుగా ఎప్పుడూ లేదు.

అధికారులు వచ్చి చూసి, కాయలకి ఒక్క అర్హుడూ దొరకలేదు కాబట్టి ఈ వార్డులో ఆకలి లేదని తేల్చారు. సొరపందిరి కిందే సన్మాన సభ పెట్టారు. "ఈ మాట మనం చెప్పుకోవడం కాదండీ, మన కాయలే చెప్పాయి," అన్నారు కామరాజు గారు. రబ్బరు చేతుల చప్పట్లు పెద్దగా వినిపించలేదు గానీ అందరూ మనస్ఫూర్తిగానే కొట్టారు. పందిరి వేసిన ఇందుమతిని వేదిక మీదికి పిలిచి సత్కరించారు. చేతికందే ఎత్తులో సొరకాయలు వేలాడుతుంటే ఆవిడ వాటికి తగలకుండా తల వంచి దిగింది.

ఇంటి దగ్గర సూర్యం మేష్టారు రెండు కంచాలు కడిగి పీటల ముందు పెట్టి కూర్చున్నారు.

"ఏమన్నా ఇచ్చారా?" అని అడిగారు.

"శాలువా ఇచ్చారండీ," అంది ఇందుమతి గర్వంగా.

ఆయన శాలువా విప్పి చూసి, అంచు బాగుందని మెచ్చుకుని, కంచాలు మళ్ళీ లోపల పెట్టేశారు.