శ్రుతి లోటుకు సొగసు సర్దుబాటు

పాట చెవికి సంబంధించిన వ్యవహారమన్న అపోహ జనంలో చాలాకాలంగా ఉంది. దాన్ని తొలగించడానికే శ్రుతి, సొగసుల సర్దుబాటు కార్యాలయం వెలిసింది. సినిమా హీరో తన పాట తానే పాడుకుంటే అతని గొంతులో లోటెంతో కొలవడం, ఆ లోటును ముఖంలోని సొగసుతో పూడ్చవచ్చో లేదో తేల్చడం, పూడితే ముద్ర వేసి పంపడం దాని పని. పూడని సందర్భం ఇంతవరకు రాలేదు. (సొగసు లేనివాళ్ళ దరఖాస్తులు గుమ్మం దగ్గరే ఆపేస్తారు.)

కార్యాలయం లైసెన్సుల ఆఫీసు పై అంతస్తులో ఉంటుంది. ఓ గది, ఓ తెర, తిరగాలా వద్దా అని ఆలోచించే ఓ ఫ్యాను. బ్యాంకులో పెన్ను కట్టినట్టు హార్మోనియాన్ని బల్లకు గొలుసుతో కట్టారు, ఎవరైనా సంగీతం పట్టుకుపోతారేమోనని. గోడకు సర్దుబాటు పట్టిక వేలాడుతూ ఉంటుంది. ఓరచూపుకు ఒక అపస్వరం మాఫీ. చిరునవ్వుకు రెండు. జుట్టు వెనక్కి తోసుకుంటే పల్లవిలో సగం. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే చరణం మొత్తం. కళ్ళలో నీళ్ళు తిరిగితే సంగీత దర్శకుడే క్షమాపణ రాసివ్వాలి.

ఆ కార్యాలయం నుంచి బాబాయికి పిలుపు వచ్చింది.

బాబాయి ట్రాక్ పాడే మనిషి. పేరున్న గాయకులు వచ్చి పాడేముందు, పాట ఎలా ఉండాలో ఎవరో ఒకరు పాడి పెట్టాలి. వాళ్ళు అది విని నేర్చుకుని పాడతారు. ఆ తర్వాత మొదటిదాన్ని చెరిపేస్తారు, ఇల్లు లేచాక పరంజా విప్పేసినట్టు. బాబాయి జుట్టు నెరిసేదాకా పరంజాగానే బతికాడు. స్టూడియోలో అందరికీ ఆయన బాబాయే, ఆయనకంటే పెద్దవాళ్ళకు కూడా. వీధుల్లో మోగే పాటల్లో సగం మొదట ఆయన నోట పుట్టినవే. ఒక్కటీ ఆయన గొంతుతో మోగదు.

ట్రాక్‌కు ఒక పద్ధతి ఉంది. భావం పెట్టకూడదు. "చోటు వదిలి పాడు బాబాయ్. భావం పెద్దాయన వచ్చి పెట్టుకుంటాడు. నువ్వే పెట్టేస్తే ఆయన ఎక్కడ పెట్టుకోవాలి?" అంటారు. బాబాయి గోడ వైపు తిరిగి, స్వరం తప్పకుండా, లోపల ఏమీ లేకుండా పాడేవాడు. అద్దెకిచ్చే ఇంట్లో సామాను ఉంచరు కదా.

ఈసారి హీరో తన పాట తానే పాడుకోవాలని ముచ్చటపడ్డాడు. ముచ్చటపడటం నేరం కాదు. పాడాడు కూడా. సౌండ్ ఇంజనీరు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. లాభం లేకపోయింది. అందుకని పాట సర్దుబాటుకు వెళ్ళింది. లోటు కొలవాలంటే తూకంరాయి కావాలి. అంటే, అదే పాటను సరిగ్గా పాడినవాడిని తెచ్చి పక్కన నిలబెట్టాలి. పిలుపు అందుకే. కాగితం అడుగున ఓ వాక్యం ఉంది. లోటు పూడని పక్షంలో మూల గొంతునే పాటలో ఉంచి, దాని తాలూకు పేరును తెర మీద వేయవలెను.

బాబాయి ఆ వాక్యం భార్యకు చదివి వినిపించాడు.

"నా పేరు పడుతుందే."

"ఎక్కడ?"

"తెర మీద."

"ఆయన పాడలేకపోతే కదా?"

"పాడలేడు. నేను విన్నాగా."

"అయ్యో పాపం," అంది ఆవిడ. పాపం ఎవరో బాబాయి అడగలేదు. బట్టల అలమారా తలుపుకు లోపలివైపు హీరో ఫోటో ఉంటుంది. ఆ అలమారా రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో కూడా ఆయన ఎప్పుడూ అడగలేదు.

"ఈసారి భావం పెట్టి పాడతాను, చూడు," అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేశారు దాన్ని?"

"దాచాను."

"చెడిపోలేదు కదా?" అంది ఆవిడ, నిజంగానే.

విచారణ రోజున ఆవిడ మోకాలి నొప్పితో మెట్లెక్కి మరీ తోడు వచ్చింది. ఉన్న బట్టల్లో మంచివి వేసుకుంది. (భర్తకు తోడు వెళ్ళే భార్య బాగుండాలి.)

శ్రోతలు లేకుండా విచారణ చెల్లదు. వాళ్ళను కింద లైసెన్సుల వరుసలోంచి పట్టుకొస్తారు. ఆ వరుసలోవాళ్ళకు ఎలాగూ వేరే పని ఉండదన్నది ప్రభుత్వం వారి అనుభవం. ఆ పూట ఓ లారీ డ్రైవరూ, ఓ టీచరమ్మా దొరికారు. మూడో మనిషి దొరికినట్టే దొరికి, కింద తన నంబరు పిలిచేసరికి ప్రాణం లేచొచ్చినట్టు పరుగెత్తాడు. సర్దుబాటు అధికారి గది చుట్టూ చూసి, "అమ్మా, మీరు కూర్చోండి," అన్నాడు బాబాయి భార్యతో.

"నేనాండీ? నేను ఈయన భార్యనండీ."

అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. హీరో బంధువులు శ్రోతలుగా పనికిరారని ఉంది. ట్రాక్ పాడేవాళ్ళ బంధువుల గురించి ఏమీ లేదు. అలాంటివాళ్ళకు బంధువులుంటారని ఆ పుస్తకం రాసినవాళ్ళకు తోచలేదు. ఆవిడ కూర్చుంది.

మొదట చెవి పరీక్ష. పాడేవాళ్ళు తెర వెనకకు వెళ్ళారు. ఎవరు ముందో శ్రోతలకు చెప్పలేదు. మొదటి గొంతు లేచింది.

"కింద మోటారు వేశారల్లే ఉంది," అన్నాడు లారీ డ్రైవరు.

"కాదండీ, ఎవరో బెంచీ ఈడుస్తున్నారు," అంది టీచరమ్మ.

గుమాస్తా అమ్మాయి లోటు రాసుకుంటూ పోయింది. ఒక కాగితం చాలక ఇంకోటి తీసింది. పల్లవి చివర గొంతు పైకెక్కాల్సిన చోట కిందికి జారింది. ఆ జారుడును ఏ గడిలో వెయ్యాలో తెలియక అధికారిని అడిగింది. "రెండు గడుల్లోనూ వెయ్యమ్మా," అన్నాడాయన.

తర్వాత రెండో గొంతు. లారీ డ్రైవరు కాలు ఊపడం ఆపేశాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పాట అయిపోయాక, "ఇదండీ పాటంటే. ఇందాకటిది ఎవరో గానీ, ఆడలేక మద్దెల ఓడు అనే బాపతు," అన్నాడు డ్రైవరు.

తెర వెనక బాబాయి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తన పేరు అక్షరం అక్షరంగా సినిమా తెర మీదికి ఎక్కుతున్నట్టు కనిపించింది.

"ఇక కంటి పరీక్ష," అని అధికారి తెర లాగించాడు.

హీరో బయటికి వచ్చాడు. ఫ్యాను తిరగాలనే నిర్ణయానికి వచ్చింది. లారీ డ్రైవరు లేచి నిలబడ్డాడు, ఎందుకో తనకే తెలియకుండా. హీరో తిన్నగా బాబాయి భార్య దగ్గరికి వెళ్ళి వంగాడు.

"పిన్నిగారు కదూ? మోకాలు ఎలా ఉందండీ ఇప్పుడు? ఎప్పుడో టీ తాగుతూ బాబాయి చెప్పాడు. మెట్లెక్కి వచ్చారా? అయ్యయ్యో. ఎవరండీ అక్కడ, పిన్నిగారికి మెత్తటి కుర్చీ వెయ్యండి!"

మెత్తటి కుర్చీ ఆ గదిలో ఒక్కటే ఉంది. అది అధికారిది. అధికారి లేచి ఇచ్చేశాడు.

ఆ మోకాలి సంగతి చెప్పి ఎన్నేళ్ళయిందో బాబాయికే గుర్తులేదు. హీరోకి గుర్తుంది. ఇలాంటివాడిమీద కోపం తెచ్చుకోవడం గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరడంలాంటిది. బాబాయి ప్రయత్నించాడు. రాలేదు.

"బాబాయ్, నీలా నేనెక్కడ పాడతాను? ఏదో సరదా. తిట్టుకోకు," అని భుజం మీద చెయ్యి వేశాడు హీరో.

"ఛఛ. పాడు నాయనా," అన్నాడు బాబాయి. ఆ మాట తన నోటివెంటే వచ్చినందుకు కాసేపు ఆశ్చర్యపోయాడు.

హీరో పాడాడు. ఇందాకటి పాటే, ఇందాకటి మోటారే. సగంలో ఒక ముక్క మరిచిపోయి, నాలిక కరుచుకుని, నవ్వాడు. "తప్పు పాడాను కదండీ?" అని శ్రోతలనే అడిగాడు.

"లేదు లేదు!" అన్నాడు లారీ డ్రైవరు. 

"తప్పెక్కడండీ, కొత్తగా ఉంది!" అంది టీచరమ్మ. 

పల్లవి చివర గొంతు మళ్ళీ జారింది. జారుతున్న గొంతుతో పాటు కనురెప్పలు కూడా కొంచెం వాల్చాడు. గుమాస్తా అమ్మాయి రాయడం మానేసింది. ("నేను ఉద్యోగరీత్యానే చలించాను," అని అధికారి చేతిరుమాలు తీసుకుంటూ స్పష్టం చేశాడు.)

తూకంరాయి కూడా అందరికీ కనబడేలా పాడాలి. నిబంధన. బాబాయి గది మధ్యకు వచ్చాడు. దాచిపెట్టిన భావాన్నంతా గొంతుదాకా తెచ్చుకున్నాడు. ఎదురుగా ముఖాలు. ఏ రికార్డింగు గదిలోనూ ఆయన ముఖాలు చూస్తూ పాడలేదు. కాళ్ళు వాటంతటవే తిరిగాయి. గోడ కనబడ్డాక ప్రాణం కుదుటపడింది. గోడకేసి పాడాడు.

స్వరం ఒక్కటి కూడా తప్పలేదు. ప్రతి పాదం చివరా, అలవాటు కొద్దీ, పెద్దాయన భావం పెట్టుకోవడానికి చోటు వదిలాడు. ఈసారి పెద్దాయన, అంటే హీరో, వెనకే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతనికీ అలవాటే. చోటు కనిపించగానే ఓ చూపు పెట్టాడు. ఇంకో చోట చిరునవ్వు. చరణం మధ్యలో జుట్టు వెనక్కి తోసుకున్నాడు.

"ఆహా!" అన్నాడు లారీ డ్రైవరు.

గోడకు ముఖం పెట్టి ఉన్న బాబాయి ఆ ఆహా విన్నాడు. ఒళ్ళు పులకరించింది. తను పెట్టిన భావం ఇన్నాళ్ళకు ఎవరికో అందిందనుకున్నాడు. ఇంకాస్త పెట్టాడు. ఇంకో ఆహా వచ్చింది. పాట ముగించి, కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. మెడలన్నీ హీరో వైపు తిరిగి ఉన్నాయి.

అధికారి శ్రోతల అభిప్రాయం అడిగాడు. డ్రైవరు హీరో వైపు, టీచరమ్మ హీరో వైపు. మూడో మాట బాబాయి భార్యది. ఏకగ్రీవం కాకపోతే పాట బాబాయిదే. మెత్తటి కుర్చీలో ఆవిడ ఇబ్బందిగా కదిలింది.

"నిజమే చెప్పాలాండీ?"

"ప్రభుత్వ కార్యాలయం కదమ్మా," అన్నాడు అధికారి.

"మా ఆయన తప్పు లేకుండా పాడారండీ."

"మరి హీరోగారు?"

ఆవిడ మెత్తటి కుర్చీ చేతిని ఒకసారి తడిమింది. 

"ఆయన పాడితే బాగుందండీ," అంది.

లోటు పూడిందనీ, పూడగా మిగిలిన సొగసును హీరోగారి తర్వాతి చిత్రానికి జమ చేయడమైనదనీ ఉత్తర్వు వచ్చింది. హీరో బాబాయిని కౌగిలించుకుని, దంపతులను తన కారులో ఇంటి దగ్గర దింపించాడు. కారులో ఇద్దరూ చెరో కిటికీలోంచి చూశారు.

"కోపమా?" అంది ఆవిడ.

"దేనికి?"

"నిజం చెప్పినందుకు."

"లేదు. నాకూ అతను పాడినప్పుడే బాగుంది," అన్నాడు బాబాయి. "అదే కష్టంగా ఉంది."

పాట బయటికి వచ్చి బస్సుల్లో, కొట్లలో, ఫోన్లలో మోగింది. ముఖ్యంగా ఆ పల్లవి చివరి జారుడు. జనం ఆ జారుడు కోసమే పాట పెట్టుకునేవారు. పిల్లలు దాన్ని జారుడుబల్లలు దిగుతూ పాడారు. ఓ రోజు బాబాయి మంగలి షాపులో నురగ పూసుకుని, పరధ్యానంగా ఆ పల్లవి కూనిరాగం తీశాడు. మంగలి కత్తి ఆపాడు.

"అక్కడ పైకి కాదు బాబాయ్. కిందికి జారాలి. పాట వినలేదా?"

"విన్నాను."

"మళ్ళీ విను. ఆ జారుడే కదా పాటకు ప్రాణం," అని మంగలి పాడి చూపించాడు. పక్క కుర్చీలో ఉన్నాయన కూడా అందుకున్నాడు.

కార్యాలయం వాళ్ళు మనకంటే ముందే ఆలోచిస్తారు. అత్యధికులు పాడేదే సరైన స్వరమనీ, ఇకమీదట హీరోగారి పాటే ప్రామాణిక కొలత అనీ, పాత తూకంరాళ్ళన్నీ వచ్చి సరిచూపించుకోవలసిందనీ నోటీసు పంపారు. సరిచూపించుకోకపోతే ట్రాక్ కూడా పాడకూడదు.

బాబాయి ఒక్కడే వెళ్ళాడు. గోడ వైపు తిరిగి పాడాడు. పల్లవి చివర జారాలని ఇంటి దగ్గర ఎంతో సాధన చేశాడు. తీరా ఆ చోటికి వచ్చేసరికి గొంతు మాట వినలేదు. పైకే ఎక్కింది.

"పైకెళ్ళారండీ," అంది గుమాస్తా అమ్మాయి, జాలిగా.

"లోటు ఉంది మరి," అన్నాడు అధికారి. "ఫరవాలేదు, నిబంధన అందరికీ ఒక్కటే. పూడ్చుకోవడానికి మీ దగ్గర సొగసేమైనా ఉందా?"

బాబాయి గోడమీది పట్టిక వైపు చూశాడు. తర్వాత అధికారి వైపు తిరిగి, శాయశక్తులా, నవ్వాడు.

అధికారి ఆయన్ని కిటికీ దగ్గరికి, వెలుతురులోకి రమ్మన్నాడు. ఈ పక్కనుంచి చూశాడు. ఆ పక్కనుంచి చూశాడు. తొందరపడకుండా, ఎంతో మర్యాదగా చూసి, గడిలో సున్నా చుట్టాడు.