మూలన గుండ్రంలో మొగుడు

ఆ పొద్దు ఎవరితోనూ పోట్లాడకూడదని పూజ గట్టిగా అనుకుంది. మేడ్చల్ రోడ్డు మీద నాయిన బాలరాజు నడిపే ఫ్లెక్సీ దుకాణం తెరవాలి, ఉన్న ఒక్క ఆర్డరూ పూర్తి చెయ్యాలి, మధ్యాహ్నం బస్సుకు శామీర్‌పేట పోయి, స్నేహితురాలు ప్రియాంకతో చెరువు కట్ట మీద కూర్చుని మక్కకంకులు తినాలి. అంతే. ఒకపూట తిండి మానమంటే మానుతుంది గానీ నోరు మూసుకోమంటే పూజ వల్ల కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆమెకు ఓటు కిందటేడే వచ్చింది. అభిప్రాయాలు అంతకు చాలా ముందే వచ్చాయి. డిగ్రీ చదివిన పిల్లలు నోటిఫికేషన్ కోసం చూసి చూసి ముసలివాళ్లవుతున్నారని కోపం. ఎన్నికలప్పుడు సీసాలు పంచేవాళ్ల మీద కోపం, అవి పుచ్చుకుని తాగి లోకం చెడిపోయిందనేవాళ్ల మీద ఇంకా కోపం. స్టాపులో ఆపకుండా పోయే బస్సు మీద కూడా కోపమే.

పోట్లాట తనంతట తానే దుకాణానికి నడిచొచ్చింది. దాని పేరు సిద్దిరాములు. ఆ వరుసలో మడిగెలన్నీ ఆయనవే, బాలరాజు దుకాణం ఉన్నదీ అందులో ఒకదానిలోనే. అత్వెల్లిలో వాళ్ల వార్డు ఈసారి ఆడవాళ్లకు రిజర్వయింది. ఇరవయ్యేళ్లుగా ఆ సీటు మీద కన్నేసిన సిద్దిరాములు ఒక రోజంతా అన్నం తినకుండా బాధపడి, మర్నాడు భార్య పద్మలతను నిలబెట్టాడు.

తెర మీద ఫ్లెక్సీ నమూనా చూసుకుని ఆయన మురిసిపోయాడు. నిలువెత్తు సిద్దిరాములు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. పైన పెద్ద నాయకులంతా వరుసగా ఉన్నారు. పోటీ చేస్తున్న మనిషి మాత్రం ఎడమ మూలన, బొట్టుబిళ్లంత గుండ్రంలో ఇరుక్కుని ఉంది.

"కాకా, నిలవడేది చిన్నమ్మనా, మీరా?" అంది పూజ. పొద్దుటి ఒట్టు అంతటితో సరి.

"గామె పేరుకే బిడ్డా. పని జేసేదంత నేను. ఊరందరికి ఎర్కే."

"చిన్నమ్మ ఏమన్న మాట్లాడ్తదా మరి? ఓటేసేటోళ్లం మేము అడుగొద్దా?"

"గామెకేం మాటలొస్తయే? మీటింగుల దండం పెడ్తది, సాలు." సిద్దిరాములు బాలరాజు వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీ బిడ్డకు కొత్తగ ఓటొచ్చింది గదా, గందుకే గీ ఉడుకు. రెండుమాట్ల ఓటేస్తే అదే సల్లవడ్తది."

మడిగె యజమాని నవ్వాడు కాబట్టి బాలరాజు కూడా నవ్వాడు. పూజకు ఒళ్లు మండింది సిద్దిరాములు మాటకు కాదు, ఆ నవ్వుకు.

వాళ్లిద్దరూ వెళ్లిపోయారు, సిద్దిరాములు ప్రచారానికి, బాలరాజు ఇనుప ఫ్రేముల కోసం బహదూర్‌పల్లికి. పూజ కుర్చీ ముందుకు లాక్కుంది. పద్మలతను పట్టి నిలువెత్తున పెంచింది. సిద్దిరాములును పట్టి కుదించి కుదించి మూలన గుండ్రంలో కూర్చోబెట్టింది. కింద పెద్ద అక్షరాలతో 'మాట్లాడేది నేనే, మా ఆయన కాదు' అని రాసింది. దాన్ని కంప్యూటర్లో సేవ్ చేసి, ప్రియాంకకు ఫొటో పంపింది. కడుపు చల్లబడింది. ఆ చల్లటి కడుపుతో ఎదురుగా ఉన్న హోటల్‌కు ఇడ్లీ తినడానికి పోయింది. ప్రియాంక ఫోన్ చేసి పడీ పడీ నవ్వడంతో ఇడ్లీ ముగియడానికి గంట పట్టింది.

ఫ్లెక్సీ దుకాణాల్లో ఒక పద్ధతి ఉంటుంది. వచ్చినవాడల్లా పది మార్పులు చెప్పి, పదకొండోది ఫోనులో చెబుతాడు. అందుకని చివర సేవ్ చేసిందే ఫైనల్. వెనక గదిలో మిషన్ నడిపే మల్లేష్‌కు ఈ పద్ధతి వేదవాక్యం. పైగా ఆయన రంగులు చూస్తాడు, రాతలు చదవడు.

పూజ తిరిగొచ్చేసరికి ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. "అయిపాయె చెల్లె. కాక మనుషులొచ్చి ఫ్రేములకాగకుండ మూడు పట్కవోయిన్రు, కట్టెలకే కడ్తరట. రంగు మస్తొచ్చింది."

"ఏది కొట్టినవన్నా?"

"సివరిదే. ఇంకేది కొడ్త?"

చివరిది పూజ నవ్వులాటకు చేసిందే. కాక మనుషులకు ఫోన్ చేస్తే ఒక్కడూ ఎత్తలేదు. ఎన్నికలప్పుడు వాళ్ల ఫోన్లు ఓట్లు అడగడానికి పనిచేస్తాయి గానీ ఎవరైనా చెప్పేది వినడానికి పనిచెయ్యవు. ఒక ఫ్లెక్సీ అత్వెల్లి మలుపులో, ఇంకొకటి మేడ్చల్ బస్టాండు దగ్గర లేచాయి. మూడోది శామీర్‌పేటలో లేచింది. వార్డు అత్వెల్లిలోనే అయినా, సిద్దిరాములు ఆశ అక్కడిదాకా ఉంది మరి.

మొదట దుకాణానికి వచ్చింది మహిళా సంఘం మైసమ్మ, ఆయాసపడుతూ. "బిడ్డా, నువ్వేనట గదా జేసింది! పద్మలత మొగన్ని మూలకు కూసోవెట్టిందని ఊరంత ఒకటే ముచ్చట. మేమందరం వోయి దండేసొచ్చినం."

"చిన్నమ్మ ఏమన్నదవ్వా?"

"ఏమనలే. దండ తీసుకున్నది, అందరికి చాయ్ పోసింది. నాకు గూడ గసొంటిదొకటి జేసియ్యి. మా ఇంటాయనను గుండ్రంల వెట్టు, చిన్నగ."

తరవాత ఎదుటి పార్టీ భిక్షం మనిషి శాలువా పట్టుకుని వచ్చాడు. మొగుడూ పెళ్లాలకు చెడిందని వాళ్లలో రూఢి అయిపోయింది. ఆ ఇంటికి నేరుగా పోతే బాగుండదని, ఫ్లెక్సీ కింద పేరున్న ఈ దుకాణమే ఆమె ఆఫీసనుకుని ఇటొచ్చాడు. "మేడమ్‌కు అన్నతోని పడకుంటే మా దిక్కు రమ్మను" అని, శాలువా కుర్చీ మీద పెట్టిపోయాడు.

అప్పుడే బాలరాజు ఫ్రేములతో దిగాడు. శాలువా చూశాడు, కూతురి మొహం చూశాడు. సంగతి విని నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "సంపితివి బిడ్డా! మడిగె ఖాళీ చెయ్యమంటే ఏడికి వోతం? గంత మిషన్ నెత్తిన వెట్టుకొని తిరుగుదునా?"

ఆ మిషన్ కోసం నాయిన ఊళ్లో ఉన్న కాస్త పొలమూ అమ్మాడు. తన కోపానికి తను దెబ్బ తినడానికి పూజ ఎప్పుడూ సిద్ధమే. నాయిన తింటాడని మాత్రం అనుకోలేదు.

సిద్దిరాములు జీపు వచ్చి ఆగింది. ఆయన మొహం ఎర్రబడి ఉంది. ఊరు నవ్వినందుకు అంత మంట లేదు. పార్టీ పెద్దాయన ఫోన్ చేసి, ఫ్లెక్సీ బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని, "నీతోని కాదయ్యా, మేడమ్‌కియ్యి ఫోన్" అన్నాడట. అసలు మంట అక్కడ పుట్టింది. పైగా కుర్చీలో భిక్షం శాలువా కనబడింది.

"భిక్షంగాడు ఎంతిచ్చిండు బాలరాజూ? సాయంత్రానికి మడిగె ఖాళీ కావాలె!"

"అన్నా, మిషన్ తప్పు..."

"మిషన్ కాదు, నేనే జేసిన," అంది పూజ ముందుకొచ్చి. "భిక్షం కాకకు, మా నాయినకు దీంతోని సంబంధం లేదు. నవ్వుకుందామని జేసిన, పొరపాటున అచ్చయింది. నన్ను తిట్టుండ్రి. కానీ నేనేమన్న అబద్ధం రాసిన్నా? నిలవడ్డ మనిషి మాట్లాడ్తదని రాసిన. గదే తప్పయితే గామెను ఎందుకు నిలవెట్టిన్రు? ఇంట్ల నోరు లేని మనిషి మా వార్డు కోసం యాడ నోరు తెరుస్తది?"

"సూసినవా నోరు! సామాను బయటెయ్యుర్రి రా!" అని సిద్దిరాములు తన మనుషుల్ని పురమాయించాడు.

వాళ్లు లోపలికొచ్చి సామాను ఎత్తుతుండగా వాకిట్లో ఆటో ఆగింది. అందులోంచి పద్మలత దిగింది, ఒక్కతే. మెడలో మైసమ్మ వాళ్లు వేసిన దండ అలాగే ఉంది. రోడ్డు మీద జనం పోగయ్యారు. ఈమె కూడా తిడితే ఇక దిక్కు లేదనుకుంది పూజ.

పద్మలత లోపలికొచ్చి, సామాను మీద చెయ్యి వేసిన కుర్రాళ్లను చూసింది.

"ఎవరు ఖాళీ చెయ్యమన్నరు?"

"నేనే," అన్నాడు సిద్దిరాములు. "నువ్వింటికి నడువు."

"గీ మడిగెలు ఎవరి పేరు మీదున్నయి?"

సిద్దిరాములు కండువా సర్దుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని కొందరు, అప్పులవాళ్లు ముట్టుకోరని కొందరు ఆస్తులు భార్యల పేరున రాయిస్తారు. ఆయన రెండు కారణాలతోనూ రాయించాడు.

"పేరుకే గదనే..." అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"పేరుకేనన్న నాదే గదా? మరి ఖాళీ చెయ్యాల్నో వద్దో నేను చెప్త. బాలరాజన్నా, ఉండు నువ్వు. గా ఫ్లెక్సీలు ఇంకో పది కొట్టు. గుండ్రం తీసేయకు, ఇంటాయన గదా, ఉండనియ్యి."

కుర్రాళ్లు సామాను ఎక్కడిదక్కడ పెట్టి, ఎవరి మాట వినాలో తెలియక ఇద్దరికీ మధ్యగా నిలబడ్డారు. బాలరాజు కళ్లు తుడుచుకున్నాడు. పద్మలత పూజ భుజం తట్టింది. "ఓటు నాకే గదా బిడ్డా?"

ఇంకెవరైనా అయితే అవునని కాళ్లకు మొక్కేవారు. "గట్లెట్ల చెప్తా చిన్నమ్మా?" అంది పూజ. "మా గల్లీల నల్లా నీళ్లు వారానికొక్కసారి వస్తున్నయి. గెలిస్తే ఏం జేస్తవో చెప్పు ముందుగల్ల."

బాలరాజు మళ్లీ నెత్తి పట్టుకున్నాడు. పద్మలత అలవాటుకొద్దీ మొగుడి వైపు చూసింది. సిద్దిరాములు గొంతు సవరించుకున్నాడు.

"మీరాగుండ్రి," అని ఆయన్ని ఆపి, ఆమె గట్టిగా ఊపిరి తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది.

జవాబు ఏమంత గొప్పగా లేదు గానీ, రాబోయే ఐదేళ్లూ ఎవరిని తిట్టాలో పూజకు తెలిసొచ్చింది.