మా ఆవిడా, కుక్కగొడుగులూ, నా ఎడమ చెవీ

నడక ఆరోగ్యానికి ఎంత ప్రమాదమో ఏ డాక్టరూ నోరు తెరిచి చెప్పడు. నేను చెబుతున్నాను, రాసుకోండి. నడిస్తే చెమట పడుతుంది, కాళ్లు లాగుతాయి, ఆకలేస్తుంది, తిన్నాక మళ్లీ నడవమంటారు. ఈ విషవలయం నుంచి నన్ను కాపాడినవి కుక్కగొడుగులు!

నవ్వకండి. నేను సీరియస్‌గానే మాట్లాడుతున్నాను.

మా ఆవిడ పళ్ల డాక్టరు. వారమంతా ఊళ్లోవాళ్ల నోళ్లలోకి చూసి చూసి, ఆదివారం కాస్త పచ్చదనం చూడాలనుకుంది. నా పొట్ట తగ్గించడం రెండో లక్ష్యం. అలా వానలు మొదలైన కొత్తలో నన్ను ఊరి బయట తోపుల్లోకి నడకకు బయల్దేరదీసింది. కారు దిగి నాలుగడుగులు వేశామో లేదో, "ఆగండాగండి!" అని అరిచింది.

పామనుకుని గాల్లోకి లేచాను. పాము కాదు. కుళ్లిన మొద్దు మీద చొక్కా గుండీ అంత కుక్కగొడుగు!

మంచం కిందికి దూరిన చెప్పును కూడా, మోకాళ్ల నొప్పులని నాచేత తీయించే మనిషి, ఆ గుండీ ముందు మోకరిల్లింది. బ్యాగులోంచి క్లినిక్‌లో వాడే బుల్లి అద్దం తీసి, దాని గొడుగు కింద పెట్టి పరీక్షించింది. (క్లినిక్‌లోది వేరు, ఇది వేరు అని నాకు చెప్పింది. మీకూ అదే చెబుతున్నాను.) తర్వాత ఫోటోలు. పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి. ఈలోగా ఒక నత్త మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది.

అదీ నడకంటే! చెమట పట్టిందా? లేదు. కాళ్లు లాగాయా? అసలు కదిలితే కదా!

మా కాపురంలోకి తియ్యటి మాటలు కూడా ఈ గొడుగులతోనే వచ్చాయి. "అబ్బ, ఎంత నాజూగ్గా ఉందో చూడండి! ఆ నడుం చూడండి! ఆ అంచున ముడతలు ఎంత అందంగా పడ్డాయో!" అంటుంది. ముడతలు నాకూ ఉన్నాయి. వాటికి క్రీము కొనిచ్చింది.

ఒకరోజు మా బావమరిది వచ్చాడు. కార్ల షోరూంలో మేనేజరు. వాళ్లక్క ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది. పాపం, వేలు అరిగేదాకా ఫోటోలు జరిపి అడిగాడు.

"ఇవి తినొచ్చా అక్కా?"

"బాగా తెలిసినవాళ్లు చెప్పకుండా తింటే ప్రాణాలు పోతాయిరా."

"తిననప్పుడు ఇన్ని ఫోటోలెందుకు?"

"నువ్వు కార్ల ఫోటోలు తీస్తావుగా, కొరుక్కుతింటావా?"

వాడు నావైపు చూశాడు. నేను సీలింగు వైపు చూశాను. ఫోన్‌లో ఖాళీ లేదని మా పెళ్లి ఫోటోలు తీసేసిన సంగతి వాడికి చెప్పలేదు. "ఆల్బంలో ఉన్నాయి కదండీ, ఎక్కడికి పోతాయి!" అంది ఆవిడ. నిజమే. ఎక్కడికి పోతాను నేను మాత్రం?

ఇక పోయిన ఆదివారం సంగతి. సన్నగా చినుకులు. కాలువ గట్టు మీద ఓ తెల్లటి గొడుగు దొరికింది. దాని మీద చినుకులు పడకుండా నన్ను గొడుగు పట్టమంది. గొడుగుకి గొడుగు పట్టిన మొట్టమొదటి మగాణ్ని నేనే అయ్యుంటాను!

"కొంచెం వెనక్కి జరగండి, మీ నీడ పడుతోంది" అంది. జరిగాను. ఇంకొంచెం అంది. జరిగాను. అక్కడితో గట్టు అయిపోయింది. నేను కింద బురదలో వెల్లకిలా పడ్డాను.

ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "కదలకండి! అస్సలు కదలకండి!" అంది. గొంతు వణుకుతోంది. పాతికేళ్ల కాపురంలో నాకోసం ఆ గొంతు అలా వణకడం మొదటిసారి. నా కళ్లు చెమర్చాయి.

"ఏం కాలేదులే, కంగారుపడకు" అన్నాను.

"ఉష్! మీ చెవి పక్కన... బుజ్జి బుజ్జివి, మూడు! ఊపిరి బిగపట్టండి, ఊగుతున్నాయి!"

బిగపట్టాను.

ఆ ఫోటో ఆవిడ చేరిన కుక్కగొడుగుల వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. ఆ గ్రూపు పెద్దాయన్ని అందరూ 'పెద్ద గొడుగు' అంటారు. ఆయన రాశాడు: "మూడూ మామూలువే. కానీ కుడి అంచున బురద రంగులో, మడతలతో, వెంట్రుకలతో ఉన్నది అపూర్వం! నేను ఇంతవరకూ చూడలేదు!"

అది నా ఎడమ చెవి.

గ్రూపు ఊగిపోయింది. విషపుదని కొందరు, వయసు మీరిందని కొందరు, లోపల పురుగుందని ఒకాయన. చివరికి అందరూ కలిసి చూడటానికి వస్తామన్నారు.

"చెప్పెయ్, అది నా చెవని!" అన్నాను.

"ఉండండీ, ఎంత సంబరపడుతున్నారో పాపం!"

కానీ జనం వాహనాలు మాట్లాడుకునేదాకా వచ్చాక తప్పలేదు. ఆవిడ టైపు చేసింది: "క్షమించాలి. అది మావారి చెవి. ఇన్నాళ్లూ నేనూ సరిగ్గా చూడలేదు."

తర్వాత నన్ను కిటికీ వెలుతురులో కూర్చోబెట్టింది. గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి, ఫోటోలు తీసింది. నాకు పట్టరాని ఆనందం. జుట్టు సవరించుకుని నవ్వబోయాను.

"మొహం అక్కర్లేదండీ. పెద్దాయన పోల్చి చూసుకుంటానన్నారు, చెవి ఒక్కటే."

పాఠకులారా, కుక్కగొడుగులు వరమే, నేను కాదనను. రాత్రికి మొలిచి ఎల్లుండికి వాడిపోతాయి కాబట్టి ఇప్పుడే చూడాలంటుంది ఆవిడ. అదీ నిజమే. నా ఖర్మ ఏమిటంటే, నేను వాడిపోకుండా ప్రతిరోజూ ఇంట్లోనే కనిపిస్తున్నాను!

అందుకే నిన్న బజారుకెళ్లి గుండ్రటి గోధుమరంగు టోపీ ఒకటి కొనుక్కున్నాను. వచ్చే ఆదివారం ఏదో ఒక చెట్టు మొదట్లో, తడి నేల మీద, కదలకుండా కూర్చుంటాను.

చూద్దాం, దొరుకుతానేమో!