ప్రతిపాదనలో ఉన్న పుస్తకం

నా పేరు బొజ్జయ్య. పేరు పెట్టేటప్పుడు మావాళ్లు చాలా ఆశపడి ఉంటారు. ఇప్పటిదాకా బొజ్జ రాలేదు. నాకు రావలసినవి రాకపోవడం అక్కడే మొదలైంది.

ఖమ్మంలో చెరువులూ కాలువలూ చూసే ఇంజనీరింగు ఆఫీసులో గుమాస్తాని. చూసేది ఇంజనీర్లు. వాళ్లు చూసినట్టు రాసేది నేను.

మా ఆఫీసులో ప్రతి సోమవారం సమీక్ష ఉంటుంది. పూర్తయిన పనులు, నడుస్తున్న పనులు, ప్రతిపాదనలో ఉన్న పనులు అని వరసగా చెప్పుకు రావాలి. పూర్తయినవాటి గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు, భయపడాలి. నడుస్తున్నవి ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి, భయం లేదు. ప్రతిపాదనలో ఉన్నవాటిని మాత్రం ఎవరూ వినరు. చెప్పేవాడు కూడా వినడు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ప్రతిపాదనలో ఉన్న తూము ఒకటి ఇప్పటికీ ప్రతిపాదనలోనే ఉంది. ఆ చెరువే ఇప్పుడు లేదు.

ఇలా ప్రశాంతంగా బతుకుతున్న మామీదికి మంగీలాల్ సార్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వచ్చారు. జీపు నిండా పుస్తకాలతో దిగారు. బట్టలూ గిన్నెలూ తర్వాతి వారం వచ్చాయి. మొదటి సోమవారం పనుల సమీక్ష టీ చల్లారేలోపు ముగించి, ఎవరెవరు ఏం చదువుతున్నారని అడిగారు. ఆఫీసు మొత్తం సీలింగు వైపు చూసింది. సార్ కూడా కాసేపు చూశారు. అక్కడ ఏమీ రాసి లేదు. ఆ వచ్చే సోమవారం నుంచి పుస్తకాలకూ సమీక్ష పెట్టారు. పూర్తయినవి, నడుస్తున్నవి, ప్రతిపాదనలో ఉన్నవి.

సరిగ్గా అప్పుడే కూనవరం అవతల అడవిలో కొత్త సెక్షన్ ఆఫీసు తెరవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా దగ్గర నుంచి ఒక మనిషి పోవాలి. నేనైనా పోవాలి, డ్రాఫ్ట్స్‌మన్ ప్రభాకరైనా పోవాలి. ఎవరో తేల్చేది మంగీలాల్ సార్.

నేను కూడా అడవి పక్కన పుట్టినవాణ్ణే. మా ఊరు పాల్వంచ అవతల. అందుకే నాకు ఫ్యాను విలువ తెలుసు. ఖమ్మంలో అద్దె ఇల్లు, కేబుల్ టీవీ, సాయంత్రం బస్టాండు పక్కన మిరపకాయ బజ్జీ. ఇవి సంపాదించడానికి పట్టినంత కాలం నాకు పది పాసవడానికి కూడా పట్టలేదు. వదులుకుని పోయే ప్రసక్తి లేదు. చదివేవాణ్ణి సార్ తన పక్కనే ఉంచుకుంటారని లెక్క వేశాను.

చిక్కల్లా ఒకటే. నాకు రెండో పేజీలో నిద్ర వస్తుంది. పుస్తకం మంచిదైతే మొదటి పేజీలోనే వస్తుంది.

మా ఆవిడ ప్రమీల అలా కాదు. భద్రాచలంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. బజ్జీలు కట్టిన కాగితం కూడా చదివాకే పారేస్తుంది. అందులో సగం వార్త ఉంటే మిగతా సగం కోసం ఇంకో పొట్లం తెమ్మంటుంది. కాబట్టి నా పథకం ఏమిటంటే, లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చేది నేను, చదివేది ఆమె. ఆదివారం నాకు చెప్తుంది, సోమవారం నేను సార్‌కు చెప్తాను.

ప్రమీల అంతా విన్నది.

"చదివేది నేను, చెప్పేది నువ్వు. మరి ఆదివారం వండేదెవరు?"

ఆ కోణం నేను ఆలోచించలేదు. ఆ ఆదివారం నుంచి పొయ్యి దగ్గర నేనున్నాను. గడప మీద కూర్చుని ఆమె కథ చెప్పేది, నేను ఉల్లిపాయలు కోస్తూ వినేవాణ్ణి. కథలో ఏడుపు ఎక్కడొచ్చినా నా కళ్లు ముందే సిద్ధంగా ఉండేవి.

ఫలితం నేను అనుకున్నదానికంటే బాగా వచ్చింది. మొదటి సోమవారమే సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాతి వారం, ఆ కథలో ముసలామె చివర ఏమన్నదని అడిగారు. అది ప్రమీల చెప్పేటప్పుడు పప్పు పొంగి నేను అటు పరిగెత్తాను. గొంతు పూడుకుపోతోంది సార్, చెప్పలేను అన్నాను. సార్ లేచి వచ్చి నా భుజం తట్టారు. ఉద్యోగంలో నా భుజం మీద ఎవరైనా చెయ్యి వేయడం అదే మొదలు. అంతకుముందు వేసినవన్నీ ఫైళ్లు.

ప్రభాకర్ వంతు వచ్చినప్పుడు అతను లేచి ఉన్నమాట చెప్పేసేవాడు.

"పూర్తయినవి లేవు సార్. నడిచేవి లేవు. ప్రతిపాదనలు లేవు. పుస్తకం పడితే నిద్రొస్తది."

నాకు అతని మీద జాలి వేసేది. అడవిలో దోమలుంటాయి, జాగ్రత్త అని ముందే చెప్పి మా ఇంట్లోని దోమతెర కూడా ఇచ్చేశాను. మనసులో ఏమీ పెట్టుకోకుండా తీసుకున్నాడు.

ఇక మిగిలింది ప్రతిపాదన. రాబోయే పుస్తకం ఏమని చెప్పాలి అని ప్రమీల అడిగితే, నోటికొచ్చింది చెప్పు, దాన్ని ఎవడూ వినడు అన్నాను. ఆమె చిక్కుడుకాయలు గిల్లుతూ కాసేపు ఆలోచించింది.

"అయితే అడవిల ఊళ్ల గురించి రాసింది ఏదన్న చదవాలనుంది అని చెప్పు."

అలాగే చెప్పాను. సార్ తలెత్తి నావైపు చూశారు. సమీక్షలో ప్రతిపాదన దగ్గర తలెత్తిన అధికారిని నేను చూడటం అదే మొదటిసారి. అనుమానించి ఉండాల్సింది. కరెంటు పోయిందేమో చూస్తున్నారనుకున్నాను.

మరుసటి వారం ప్రమీల ఇంకొంచెం పొడుగ్గా చెప్పింది. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఊరు ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలనుంది, పుస్తకంలో దొరక్కపోతే పోయి చూడాలనుంది అని. నేను ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాను. ఆ వాక్యం ఎక్కడో విన్నట్టు అనిపించింది కానీ ఎక్కడో గుర్తుకు రాలేదు.

ఎండాకాలం వచ్చింది. ఖమ్మం మార్కెట్లోకి మామిడికాయలు దిగాయి. ఇక్కడ మీకు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కూనవరం వైపున్న ప్రమీలవాళ్ల ఊళ్లో కొత్త మామిడికాయకు పండుగ చేసి, పెద్దలకు పెట్టాకే ఎవరైనా నోట పెట్టాలి. మా ఊళ్లోనూ ఉంది కానీ నేను ఖమ్మం వచ్చాక బస్సులోనే మరిచిపోయాను. ఆమె మరవలేదు. ఊళ్లో పండుగైందని కబురు వచ్చేదాకా ముట్టదు. కబురేమో అటునుంచి వచ్చే ఎవరో ఒకరి నోట, తీరిగ్గా వస్తుంది. ఈలోపు ఆమె వాటా కాయలు కూడా నేనే తినేసేవాణ్ణి. పాడైపోతాయని. పండుగకు పోదామని ఏటా అడిగేది. సెలవు లేదని ఏటా చెప్పేవాణ్ణి. టీవీలో క్రికెట్ వచ్చేది కూడా అప్పుడే.

ఆ వారం నా ప్రతిపాదన ఇది. ఊరంతా కలిసి పండుగ చేసుకున్నాక తినే మామిడికాయ రుచి గురించి ఎవరైనా రాశారేమో వెతకాలి సార్. రాయకపోతే అక్కడే ఉండి తెలుసుకోవాలి.

సార్ చాలాసేపు కిటికీ బయటికి చూశారు. నేను గెలిచాననుకున్నాను. ఇంటికి పోతూ అరకిలో బజ్జీలు కట్టించాను.

మరుసటి సోమవారం సార్ నన్ను అందరి ముందూ నిలబెట్టారు.

"బొజ్జయ్యా, ప్రతిపాదన పెట్టినోళ్లను నా సర్వీసుల చానమందిని చూసిన. దాన్ని నిజంగ కోరుకున్నోణ్ణి నిన్నే చూస్తున్న. పైకి రాసిన, ఒప్పుకున్నరు. నీ కోరిక మంజూరైంది. కూనవరం సెక్షన్‌కు నువ్వే పోతున్నవ్."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా ప్రభాకర్ కొట్టాడు.

నేను తేరుకుని, వచ్చే వారం నుంచి పట్నం జీవితం మీద పుస్తకాలు చదువుదామనుకుంటున్నాను సార్ అన్నాను.

"మంజూరైనంక ప్రతిపాదన మార్చరు. నీకు తెల్వదా?"

నాకు తెలుసు. ఎంతోమంది అర్జీల కింద ఆ వాక్యం రాసింది నేనే.

ప్రభాకర్‌కు అడవి గాలి మంచిది సార్ అని చివరి ప్రయత్నం చేశాను. అతనికి కావలసింది నిద్రేనన్నారు సార్, అది ఇక్కడే బాగా పడుతోందట. పోతూ పోతూ దోమతెర తిరిగి ఇమ్మని ప్రభాకర్‌ను అడిగాను. అలవాటైపోయిందన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ప్రమీల బియ్యం ఏరుతోంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"నువ్వు కావాల్ననే చెప్పినవా అవన్నీ?"

"నోటికొచ్చింది చెప్పు, ఎవడూ ఇనడు అన్నది నువ్వే గద."

"నా ఉద్యోగం సంగతి తెలిసి గూడ?"

"నీ ఉద్యోగం యాడికి పోలే. నీతోనే వస్తది."

"నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

ప్రమీల చాట కింద పెట్టింది. కోపంగా ఏమీ లేదు. సమీక్షలో పూర్తయిన పనుల గురించి భయం లేకుండా చెప్పే మనిషిలా ఉంది.

"ఇప్పపూల సంగతి నీకు ఏడాదేడాది చెప్పిన. మామిడికాయ సంగతి చెప్పిన. పండగకు పోదామని చెప్పిన. గివే మాటలు, ఒక్కటి మార్చలే. నువ్వు అవ్ అవ్ అనుకుంట టీవీ చూసినవ్. నీ నోటితో పొయ్యి ఆయనకు చెప్తే, ఆయన ఇన్నడు. మీ సార్ మంచోడు."

ఆ వాక్యం ఎక్కడ విన్నానో అప్పుడు గుర్తుకొచ్చింది. దీనికి ఏదో ఒకటి గట్టిగా జవాబు చెప్పాలని నిలబడ్డాను. ఆమె మళ్లీ చాట తీసుకుంది, బియ్యం ఏరడం కూడా అయిపోయింది. నేను ఇంకా గుమ్మంలోనే ఉన్నాను.

వారం తిరిగేలోపు సామాను లారీకెక్కింది. క్యాబిన్‌లో ఒక్కరికే చోటుందన్నాడు డ్రైవరు. అతనిది కూడా ఆ వైపే, చింతూరు దగ్గర ఊరు. ఎవరు కూర్చోవాలని నన్ను ఎవరూ అడగలేదు. నేను వెనక బియ్యం బస్తా మీద, టీవీకీ మంచానికీ మధ్య ఒదిగాను.

ఊరు దాటగానే ముందు క్యాబిన్‌లో కబుర్లు మొదలయ్యాయి. ప్రమీల అంతలా నవ్వగా నేను ఖమ్మంలో ఎప్పుడూ వినలేదు. వాళ్ల అడవి ఊళ్ల భాషలో మాట్లాడుకుంటున్నారు. మా భాష కూడా అదే. ఇంజను మోతలో నాకు ముక్క అందలేదు.

పాల్వంచ దాటాక తాడు వదులై, నేను టీవీ ముందు వాలే పడక కుర్చీ జారడం మొదలుపెట్టింది. క్యాబిన్ మీద కొట్టి చెప్పాను. వాళ్లు వినలేదు. సారపాక దగ్గర మళ్లీ కొట్టాను. తాడు ఊడుతోంది, ఆపండి అని వివరంగా చెప్పాను. ప్రమీల కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అవ్ అవ్ అన్నట్టు ఊపింది. లారీ ఆగలేదు.

ఇక లాభం లేదని కాళ్లతో కుర్చీని బిగించి పట్టుకుని కూర్చున్నాను.

భద్రాచలం వంతెన దాకా పట్టుకోగలిగాను.